ఇల్లుబండి వెనక సైకిలు

చెన్నూరులో ఆ పొద్దున లక్ష్మీరాజం సైకిల్ కట్టడం మొదలుపెట్టేసరికి గోదావరి మీది మంచు ఇంకా విడలేదు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బండి వెనక ఇనప మెట్టు మీద చెక్క పలక పరిచి, దాని మీద సైకిల్‌ను అడ్డంగా నిలబెట్టాడు. ఏ చక్రమూ బండి అంచు దాటి పక్కకు పొడుచుకు రాకుండా జరిపి చూసుకున్నాడు. హ్యాండిల్ తిరగకుండా ముందు చక్రాన్ని సైకిల్ గొట్టానికే కలిపి కట్టేశాడు. తలుపుకు తగిలే పెడల్‌కు గోనెపట్టా చుట్టాడు.

ఇదంతా ఒక్కసారిగా వచ్చిన తెలివి కాదు. మొదటిసారి కట్టినప్పుడు పొగగొట్టం వేడికి వెనక టైరు ఉడికి, నడి అడవిలో ఢామ్మని పేలింది. అప్పటినుంచి గొట్టానికీ చక్రానికీ మధ్య రేకు ముక్క అడ్డం పెడుతున్నాడు. ఇంకోసారి సైకిల్ సీటు బండి వెనక ఎర్రదీపాన్ని కప్పేసింది. చీకటిపడే వేళ లారీ ఒకటి వచ్చి గుద్దినంత పనిచేసింది. అప్పటినుంచి దీపమూ, నంబరు పలకా రెండూ కనబడేట్టు ఎడమకు జరిపి పెడుతున్నాడు.

కట్లు రెండు. కింది కట్టు కొబ్బరి తాడుతో. అది చక్రాలను మెట్టుకు బిగించేది. పై కట్టు సైకిల్ నడుమును, బండి పైకెక్కే ఇనప నిచ్చెనకు బిగించేది. ఆ పై తాడును సీతాబాయి తన పాత చీర చీల్చి జడలా పేనింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. మెత్తగా ఉంటుంది, రంగును గీకదు, ముడి వేస్తే జారదు.

సీతాబాయి వచ్చి సీటు పట్టుకుని గట్టిగా ఊపింది. సైకిల్‌తో పాటు బండీ ఊగింది.

"గిప్పుడు మంచిగున్నది దాదా," అంది. "సైకిల్ ఒక్కటే ఊగితే అది కట్టు కాదు. బండితోని కలిసి ఊగాలె."

సీతాబాయి దాయి, కాన్పులు చేసే మనిషి. ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు దొర బాలకిషన్‌రావు నడిపే ధర్మాసుపత్రిలో పని. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు; అన్నా అనడానికి బదులు దాదా అనేది. గోచీ పెట్టి కట్టే తొమ్మిది గజాల చీరతో మగవాళ్ల సైకిల్ తొక్కేది. దొర యుద్ధం నాటి మిలిటరీ అంబులెన్సు ఒకటి వేలంలో కొని, లోపల పడక బల్లలు, స్టవ్వు గూడు, నీళ్ల డబ్బా, మందుల బీరువా పెట్టించి ఊళ్ల మీదికి పంపేవాడు. పల్లెల్లో దాన్ని ఇల్లుబండి అనేవారు. ఊరూరా ఆగిన చోట డాక్టర్ శ్రీధర్‌రావు పటేలింట్లో దిగేవాడు. సీతాబాయి బండి లోపల పడుకునేది. డ్రైవర్ లక్ష్మీరాజం ముందరి సీటు మీద పడుకునేవాడు. వేములవాడ దగ్గర అన్న ఇల్లు ఉందన్న మాటే గానీ, అతనికి ఇల్లంటే ఆ సీటే.

బండి పోయేది రోడ్డున్నంత మేరకే. కాన్పులేమో వాగు అవతల, గుట్ట వెనక, బండ్ల బాట కూడా లేని చోట్ల వస్తాయి. సీతాబాయి సైకిల్ కొనుక్కున్నది అందుకే. లోపల పెడితే మట్టీ చమురూ అంటుకుంటాయని డాక్టర్ ఒప్పుకోలేదు. అట్లా అది వెనక్కి చేరింది.

"సాలెవాడలో మొన్న పుట్టిన పిల్లను ఒక్కపారి చూసొస్త," అని ఆమె అప్పుడే వడివడిగా నడిచి పోయింది. నిలబడి ఎదురుచూడడం ఆమెకు చేతకాదు.

ఆమె అటు పోగానే డాక్టర్ వచ్చాడు. వెనక ఇద్దరు కూలీలు ఒక పడక కుర్చీ మోసుకొస్తున్నారు. కొత్త టేకు, నిగనిగలాడే పాలిష్.

"రాజం, దీన్ని పైన కట్టు. ఒక్క గీత పడొద్దు. నాకు పిల్లనిచ్చిన మామగారు రేపు దిగుతుండు, ఆయన కోసమే చేయించిన."

లక్ష్మీరాజం సీటు కింద నుంచి కొబ్బరి తాడు తీశాడు. డాక్టర్ దాన్ని వేళ్లతో నలిపి చూశాడు.

"గిది పాలిష్‌ను తినేస్తది. అగో, గా మెత్తటిది ఉన్నది గద. అది తియ్యి."

"అది సైకిల్‌ది సాబ్."

"సైకిల్‌కు కింద ఇంకొకటి ఉన్నది గద? ఎగిరిపోతదా ఏంది?"

"తొవ్వ మంచిగ లేదు సాబ్. జర అంగడి తెరిచినంక..."

"అంగడి తెరిచెదాక ఉంటె ఆదిలాబాద్ ఎప్పుడు చేరుతం? తియ్యి తియ్యి."

లక్ష్మీరాజం చేయి కాసేపు ముడి మీదే ఉంది. తరువాత విప్పాడు. కుర్చీని బండి పైకెక్కించి, ఎక్కడా రాపిడి లేకుండా ఆ తాడుతో కట్టాడు. దిగివచ్చి, కింది కొబ్బరి తాడును మెట్టుకు కాలు తన్ని పెట్టి గుంజి, ఇంకో చుట్టు వేశాడు. ఊపి చూడలేదు. ఊపితే ఏమవుతుందో తెలుసు.

సీతాబాయి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వెనక్కి చూడకుండా పక్క తలుపులోంచి ఎక్కేసింది.

"పోదామా దాదా?"

"పోదాం బాయి," అన్నాడు. పై తాడు తీశానని ఒక్క మాట అంటే అయిపోయేది. పక్కన డాక్టర్ గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆ మాట అనకుండానే ఇంజను లేపే హ్యాండిల్ అందుకున్నాడు.

దారంతా లక్ష్మీరాజం చెవులు వెనకే ఉన్నాయి. ఇంజను మోతలో, మందు సీసాల గలగలలో, ఇంకేదైనా చప్పుడు కలుస్తుందేమోనని వింటూ నడిపాడు. కొత్తగా బిగించిన తాడు కొంత దూరం పోగానే సాగుతుంది. ప్రతిసారీ ఊరు దాటగానే ఆపి, దిగి మళ్లీ బిగించడం అలవాటు. ఈసారి ఆపబోతే డాక్టర్ "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు సాబ్," అని మళ్లీ గేరు మార్చాడు.

నిర్మల్‌లో చాయ కోసం ఆగారు. సీసాలోంచి నీళ్లు తాగుతూ పక్కకు వంగి చూశాడు. సైకిల్ నిలబడే ఉంది. దగ్గరికి పోయి చేయి వేసి చూద్దామనుకునేంతలో డాక్టర్ హారన్ మోగించాడు. నిలబడి ఉంది కదా అనుకుని ఎక్కేశాడు. ఘాట్ ఎక్కుతున్నంత సేపూ స్టీరింగు మీద వేళ్లు ఆగకుండా తాళం వేశాయి. తనకే విసుగొచ్చింది.

ఇచ్చోడ దాటాక ఆదిలాబాద్ పోయే పత్తి బండ్లు వరసగా కనబడ్డాయి. తెల్లని కొండల్లాగా నింపి, మీద వల కప్పి, మెల్లగా పోతున్నాయి. ఒక్కొక్కదాన్నీ హారన్ కొట్టి దాటుకుంటూ వచ్చాడు. అన్నిటికన్నా ముందున్న బండిని దాటాడో లేదో, కల్వర్టు దగ్గర చక్రం గుంతలో దిగి లేచింది. వెనక ఏదో ఊడినట్టు బండి తేలికైంది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఆ వెంటనే ఎద్దు గంటలు ఒక్కసారిగా మోగాయి. ఒక కేక వినబడింది.

ఆపి దిగి పరుగెత్తాడు. సైకిల్ నడిరోడ్డు మీద పడి ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. కాళ్ల ముందర అది పడేసరికి బెదిరిన ఎద్దులు బండిని రోడ్డు దించాయి. బండి పక్కకు ఒరిగి, పత్తి అంతా వాగు గట్టున పరుచుకుపోయింది. ఒక ఎద్దు కాడి కింద మోకాళ్ల మీద ఉంది. దాని పక్కన తలపాగా ఊడిన నడివయసు మనిషి, పళ్లు బిగబట్టి, తన కాలు వైపు చూడకుండా ఆకాశం వైపు చూస్తున్నాడు.

డాక్టర్ శ్రీధర్‌రావు చేతకాని వాడు కాదు. కోటు విడిచి మట్టిలో మోకాళ్ల మీద కూచున్నాడు. వేళ్లు మోకాలి కిందుగా తడుముకుంటూ పోయి ఒక చోట ఆగాయి. "ఇరిగింది. రెండు బొక్కలు," అన్నాడు. "పేరేంది నీది?"

"ముత్తయ్య," అన్నాడు ఆ మనిషి. "నా ఎద్దు?"

"ఎద్దు బతికున్నది. నువ్వు కదలకు."

వెనకబండ్ల వాళ్లు మూగారు. బండి గుంజ ఒకటి ఊడదీసి కాలు పక్కన పెట్టారు. అంత పొడుగు మనిషిని ఎట్లా మొయ్యాలా అని తర్జనభర్జన పడుతుంటే సీతాబాయి అంది, "పైన కుర్చీ ఉన్నది గద. దింపుతె సరి. దాంట్ల కూసొబెట్టి ఎక్కియ్యొచ్చు."

డాక్టర్ ఒక్క క్షణం కుర్చీ వైపు చూసి, "దింపుండ్రి," అన్నాడు.

లక్ష్మీరాజం నిచ్చెన దగ్గరికి చేరేలోపే ఆమె గోచీ బిగించి పైకెక్కింది. వంగి ముడులు విప్పింది. చివరి ముడి విప్పాక తాడును చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే ఉంది. ఆకుపచ్చ తాడు, ఎర్ర అంచు. తరువాత రోడ్డు మీద పడున్న సైకిల్ వైపు చూసింది. లక్ష్మీరాజం కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు. దిగివచ్చి, అదే తాడుతో ముత్తయ్య కాలిని గుంజకు కట్టింది.

"సైకిల్ ఎవనిదిరా?" అన్నాడు బండ్లవాళ్లలో ఒక ముసలాయన.

డాక్టర్ చేతులు కడుక్కుంటూ, "దాయిది," అన్నాడు. "బండికి సైకిల్ వద్దని మొదటి సంది చెప్తనే ఉన్న. ఇంటే గద."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కుర్చీ కోడును పట్టుకుని, "ఎత్తుండ్రి, మెల్లగ," అంది.

ఆదిలాబాద్‌లో మిల్లు పక్కనే ఆసుపత్రి. పత్తి గింజ తీసే జిన్నింగు యంత్రాల రొద పొద్దున మొదలైతే మాపటిదాకా ఆగదు. గాలిలో పత్తి నూగు తేలుతూ ఉంటుంది. మరునాడు ముత్తయ్య భార్య దేవవ్వ, వాగు అవతలి పల్లె నుంచి నడిచి, బస్సెక్కి, వార్డులోకి వచ్చింది. భర్త కాలిని, దానికి కట్టిన గుంజను, మంచం కింది దుమ్మును వరసగా చూసింది.

"ఎవరిదట సైకిల్?"

ఎవరో సీతాబాయిని చూపించారు. ఆమె అప్పుడు పక్క మంచం మీద బాలింతకు పక్కబట్ట మారుస్తోంది.

"ఆడిదానికి సైకిలేందమ్మా?" అంది దేవవ్వ గొంతు పెంచి. "నీ సోకుకు నా మనిషి కాలు వాయె. పత్తంత మన్నుల కలిసె. నీ కాళ్లు మంచిగున్నయి గద, నడవరాదా?"

వార్డంతా విన్నది. సీతాబాయి పక్కబట్ట మడతలు సాపు చేసి, దేవవ్వకు తాగడానికి నీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది. గుమ్మం బయట నిలబడ్డ లక్ష్మీరాజం పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఆ రోజూ, ఆ మరునాడూ అతను ఒక చోట కూచోలేదు. కడిగిన బండినే మళ్లీ కడిగాడు. బాగున్న బెల్టును విప్పి మళ్లీ బిగించాడు. సీటు మీద పడుకుంటే వెనక మెట్టు వైపు నుంచి ఏదో చప్పుడు వినబడ్డట్టయి లేచి కూచునేవాడు. మెట్టు మీద ఖాళీ పలక తప్ప ఏమీ ఉండేది కాదు. కొబ్బరి తాడు తెగలేదు. సాగి, వదులై, చక్రాల మీంచి జారిపోయింది. దాన్ని చుట్టగా చుట్టి ఒకసారి చెత్తకుప్పలో పారేశాడు. మళ్లీ పోయి తెచ్చుకున్నాడు. వార్డు దాకా పోయి కిటికీలోంచి ముత్తయ్యను చూసి తిరిగొచ్చేవాడు. కాలికి పట్టీ వేశాక విప్పేసిన ఆకుపచ్చ తాడు మంచం కింద పడి ఉంది.

ఆ నోటా ఈ నోటా మాట తెలిసింది. నాగ్‌పూర్ పోయిన దొర సోమవారం వస్తాడు. దాయిని పనిలోంచి తీసేయమని డాక్టర్ అప్పుడు దొరతో చెబుతాడట. లక్ష్మీరాజం అప్పటిదాకా, నాలుగు తిట్లు తిని ఊరుకుంటుందిలే అనుకున్నాడు. తనకు తాను సర్దిచెప్పుకున్న మాట అది.

ఆసుపత్రి వెనక, వేపచెట్టు పలచటి నీడలో, సీతాబాయి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టుకుని వంగిన చక్రం సరిచేస్తోంది. చక్రాన్ని తిప్పడం, ఎక్కడ ఒంకర పోతుందో చూడడం, అక్కడి పుల్ల కొంచెం బిగించడం, మళ్లీ తిప్పడం. లక్ష్మీరాజం వచ్చి ఎదురుగా కూచున్నాడు. కింద పడ్డ పానా తీసి ఆమెకు అందించాడు.

"బాయి," అన్నాడు. "పై తాడు నేనే ఇప్పిన."

"ఎరుకే."

"ఎట్ల?"

"నా చీరను నేను గుర్తుపట్టనా దాదా?" ఆమె చక్రం మీంచి కళ్లు తీయలేదు. "కుర్చీకి కట్టి ఉండె. నీ అంతట నువ్వు ఇప్పెటోనివి కాదని కూడ ఎరుకే."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే? గంత మందిల?"

"చెప్తె ఏమయితుండె? డాక్టర్‌ను పీకుతరా? నిన్ను పీకుతరు. నీకు గా సీటు తప్ప పండుకోనీకి జాగ లేదు." పుల్ల బిగించి చక్రం తిప్పింది. ఇంకా ఒకచోట ఊగిసలాడుతోంది. "ఇంకొకటి కూడ ఉన్నది. నీకు నోరున్నది గద. నువ్వే చెప్తవేమోనని చూసిన. దినం గడిచె, ఇంకో దినం గడిచె. నా మనసు ఒక్క తీరుగ లేదు. గా దేవవ్వ తిట్టినప్పుడు, పక్కన నువ్వున్నవు."

లక్ష్మీరాజం తల దించుకున్నాడు. లేచి నిలబడ్డాడు, మళ్లీ కూచున్నాడు.

"సోమారం దొర ముంగట చెప్త."

"చెప్పు," అంది ఆమె. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

బాలకిషన్‌రావు మంచి మనిషని పేరు. మిల్లు ఆవరణలో పత్తి కుప్పల మధ్య మడత కుర్చీ వేసుకుని, వచ్చిన బండ్ల పత్తిని పిడికిట పట్టి చూస్తూనే పంచాయితీలు కూడా తీర్చేసేవాడు. డాక్టర్ పక్కన నిలబడి జరిగింది చెప్పాడు. సైకిల్, దాయి, తాను ముందే వద్దన్న సంగతి. కుర్చీ మాట రాలేదు.

దొర ముఖం ముడుచుకుంది. "ఏం సీతాబాయి, ఒకని కాలు ఇరగగొట్టినవు. ధర్మం చేయనీకి బండి పంపితే పాపం మూటగట్టుకొచ్చిండ్రు. నీ అసొంటి దాన్ని ఎట్ల పెట్టుకోవాలె చెప్పు? కట్టు చూసుకున్నవా అసలు?"

"చూసుకున్న దొరా. గట్టిగనే ఉండె."

"మరి ఎట్ల పడ్డది?"

ఆమె కొంగు సర్దుకుంది. ఎవరి వైపూ చూడలేదు. గుమాస్తాల వెనక నిలబడ్డ లక్ష్మీరాజం ముందుకు వచ్చాడు.

"దొరా, ఆమె చూసినప్పుడు కట్టు మంచిగనే ఉండె. ఆమె అటు పోయినంక పై తాడు నేను ఇప్పిన. ఆమెకు చెప్పలే. తొవ్వల ఆపి చూసుకోలే. తప్పు నాది."

"నువ్వా?" దొర చేతిలోని పత్తి కింద పడేశాడు. "ఎందుకిప్పినవు?"

"డాక్టర్ సాబ్ కుర్చీ కట్టనీకి."

"ఎవరు ఇప్పుమన్నరు?"

లక్ష్మీరాజం డాక్టర్ వైపు చూశాడు. డాక్టర్ అతని వైపు చూడకుండా, "కుర్చీ కట్టుమన్న గని, వీడు ఏ తాడు తెచ్చిండో నాకేం తెలుసు మామా," అన్నాడు. డాక్టర్ దొరకు మేనల్లుడు. లక్ష్మీరాజం ఒక అడుగు వెనక్కి వేశాడు. తన తప్పు తాను చెప్పేదాకానే ధైర్యం వచ్చింది. అది అక్కడితో అయిపోయింది.

దొర ఒకరి నుంచి ఇంకొకరికి చూసి, హఠాత్తుగా నవ్వాడు. "ఓరి పిచ్చోడా! గిదా సంగతి? తాడు తాడు కలగలిసి పోయిందన్న మాట. ఇన్నేండ్ల సంది నడుపుతున్నవు, ఒక్కనాడు బండికి గీత పడనియ్యలే. ఏదో పొరపాటు అయితది. పో, ఫికర్ చెయ్యకు. ముత్తయ్యకు కాలు అతికెదాక ఇక్కడనె తిండి పెట్టుండ్రి, వాని పత్తిని దులిపి తీసుకోండ్రి." లేవబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "సీతాబాయి, నిన్ను తీసేసుడు లేదు పో. గని ఆ సైకిల్ మాత్రం ఇగ బండికి వద్దు. ఆడిమనిషివి, బండ్ల కూసోని పో, బండ్ల కూసోని రా. సరేనా?"

అంతే. పంచాయితీ తీరిపోయింది. గుమాస్తాలు నవ్వుకుంటూ పనుల్లోకి పోయారు. ఒకడు లక్ష్మీరాజం వీపు తట్టాడు.

గేటు దగ్గర సీతాబాయి గబగబా నడుస్తోంది. అతను వెంట పరుగెత్తాడు.

"బాయి, చెప్పిన గద."

ఆమె ఆగింది. "చెప్పినవు దాదా. మంచిగనే చెప్పినవు." గొంతు కోపంగా లేచింది. "తప్పు నాది అనుకున్నప్పుడు నౌకరి తీసెటి పాపం. నువ్వు ఇప్పినవని తెలిసినంక పొరపాటు. తాడు అదే, కాలు అదే. నీకు నవ్వి మాఫ్ చేసిండు. నా సైకిల్‌ను పట్టుకపోయిండు." ఇంకేదో అనబోయి, చేయి విసిరి వెళ్లిపోయింది.

చెప్పేస్తే తేలికవుతుందనుకున్నాడు. వీపు మీద ఆ గుమాస్తా తట్టిన చోట మాత్రం మోత బరువులా ఉంది. కాళ్లు వార్డు వైపు తీసుకుపోయాయి. ముత్తయ్య కట్టు కాలు చాచుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. దేవవ్వ గిన్నెలో అంబలి కలుపుతోంది. లక్ష్మీరాజం నిలబడే మొత్తం చెప్పాడు. కుర్చీ, మెత్తటి తాడు, విప్పమన్నదెవరో, విప్పిందెవరో. దొర ముందర నోట రాని పేరు ఇక్కడ వచ్చింది.

"నా ఎద్దు ఇంక కుంటుతున్నదట," అన్నాడు ముత్తయ్య, గోడ వైపు తిరుగుతూ.

"దొర ఏమన్నడు?" అంది దేవవ్వ.

"మాఫ్ చేసిండు."

"దొర కాలు ఇరిగిందా, మాఫ్ చేయనీకి?" ఆమె గరిటె గిన్నెలో వేసి అతన్ని కిందనుంచి మీదికి చూసింది. "నేను గా పిల్లను ఎన్ని మాటలంటి. నువ్వు దర్వాజల నిలబడి ఇన్నవు. నాకు ఎరుకే, చూసిన." గొంతు దించి అంది, "మా కోడలికి నెలలు నిండినయి. ఊర్లె మంత్రసాని పోయిన ఏడు చచ్చిపాయె. గా బాయిని రమ్మందామంటె నాకు మొకం లేదు. ఎట్లొస్తది? మా వాగు మీద మీ బండి రాదు. నడిచొస్తె చేరేటాల్లకు పొద్దు గూకుతది."

"సైకిల్ మీద రావచ్చు," అన్నాడు లక్ష్మీరాజం.

"ఉన్నదా సైకిల్?"

అతను బయటికి వచ్చాడు. మిల్లు చుట్టూ తిరిగాడు. అంగడిలోకి పోయి ఒక దుకాణం ముందు నిలబడి, ఎందుకొచ్చాడో మరచిపోయినట్టు వెనక్కి తిరిగాడు. మళ్లీ పోయాడు. గట్టి నూలు తాడు కొనుక్కుని వచ్చాడు.

తెల్లారి ఇల్లుబండి మళ్లీ పల్లెల మీదికి బయలుదేరాలి. మందులు ఎక్కించారు, నీళ్లు నింపారు. డాక్టర్ ముందరి సీట్లో కూచుని గడియారం చూసుకుంటున్నాడు. సీతాబాయి సంచి పట్టుకుని వచ్చింది. సైకిల్ ఆసుపత్రి గోడకు ఆనించి ఉంది. దాని వైపు చూడకుండా పక్క తలుపు దగ్గరికి పోయింది.

లక్ష్మీరాజం బండి ఎక్కలేదు. గోడ దగ్గరికి పోయి సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. పలక పరిచి, మెట్టు మీద నిలబెట్టాడు. రేకు అడ్డం పెట్టాడు. కింది కట్టు మొదలుపెట్టాడు.

డాక్టర్ దిగి వెనక్కి వచ్చాడు. "ఏంది రాజం ఇది? దొర ఏమన్నడో ఇనబడలేదా?"

"ఇనబడ్డది సాబ్."

"మరి?"

"మీరు దొరకు చెప్పుండ్రి. దాయి తేలే, రాజమే తెచ్చి కట్టిండని చెప్పుండ్రి. ఎందుకు కట్టినవని దొర అడిగితే వచ్చి చెప్త." చేతులు చక్రాల మధ్య పని చేస్తూనే ఉన్నాయి. "నిన్న ఆయన ఒక మాట అడిగితే జవాబు చెప్పక ఊకున్న. ఈసారి అడిగినయన్నీ చెప్త సాబ్. వార్డుల వాళ్లకయితే నిన్ననే చెప్పిన."

డాక్టర్ వార్డు వైపు తిరిగి చూశాడు. వరండాలో దేవవ్వ గ్లాసు కడుగుతూ ఇటే చూస్తోంది. మిల్లుకు పోయే కూలీలు ఇద్దరు ముగ్గురు నడక మెల్లగించారు. అతని ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగా అనబోయాడు. అనకుండా కోటు గుండీ పెట్టుకున్నాడు.

లక్ష్మీరాజం కొత్త తాడును సైకిల్ నడుము చుట్టూ వేసి, నిచ్చెన మెట్టులోంచి దూర్చి, కొస బయటికి లాగాడు. ఒక్కడే బిగిస్తే మళ్లీ వదులవుతోంది.

"నాకు రెండే చేతులున్నయి సాబ్," అన్నాడు. "ఈ కొస జర పట్టుండ్రి."

సీతాబాయి ఒక కాలు తలుపు మెట్టు మీద పెట్టి అట్లాగే ఆగిపోయింది.

డాక్టర్ కదల్లేదు. లక్ష్మీరాజం చాచిన చేయి వెనక్కి తీసుకోలేదు. రెండు మూడు సార్లు డాక్టర్ కళ్లు గడియారం మీదికి పోయి వచ్చాయి. చివరికి చేయి చాచి కొస అందుకున్నాడు.

"గుంజి పట్టుండ్రి. ఇంకా. ఆఁ, గట్లనే."

ముడి మీద ముడి పడేదాకా డాక్టర్ తాడు వదల్లేదు. వదిలాక అరచేతులు చూసుకుని, కోటుకు తుడుచుకుని, ఏమీ మాట్లాడకుండా ముందుకు నడిచాడు.

లక్ష్మీరాజం బండి ముందు హ్యాండిల్ తిప్పి ఇంజను లేపాడు. ఎక్కి కూచున్నాడు. దొరకు కబురు పోతుందో లేదో, పోతే సాయంత్రానికి ఈ సీటు ఉంటుందో లేదో తెలియదు. ఎప్పుడూ ఏ ఊరు ముందో డాక్టరే చెబుతాడు. అందుకని అలవాటుగా అడిగాడు.

"ఎటు దిక్కు పోదాం సాబ్?"

డాక్టర్ ముందరి అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ, కొంతసేపటికి, విసుగ్గా అన్నాడు.

"బాయినడుగు."